ప్రశ్న అడగని ఫ్లాపీ

మొన్నొక రోజు, నేను చాలా ఏళ్లు పనిచేసిన భిలాయ్‌లోని సుపేలా షాపుకి ఊరికే పలకరించడానికి వెళ్లాను. కొత్తగా చేరిన ఒకమ్మాయి పెన్‌డ్రైవ్‌ని బూటబుల్ చేస్తోంది. పాడైన కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ ఎక్కించాలంటే ముందు దాన్ని లేపడానికి అలాంటిదొకటి కావాలి కదా. రెండు మీటలు నొక్కింది. "ఇందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, సరేనా?" అని తెర మీద ఓ హెచ్చరిక వచ్చింది. ఆ పిల్ల దాని వైపు చూడనైనా చూడకుండా సరేనని నొక్కేసింది.

"చదివావా?" అన్నాను.

"ఎప్పుడూ అదే వస్తుంది దీదీ" అంది నవ్వుతూ.

ఆ అమ్మాయిది తప్పని అనను. పని బాగా వచ్చిన వాళ్లే చదవరు. నేనూ చదవలేదు. చదవకపోవడం ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు, నేను ఇంకో అడుగు ముందుకు వేశాను. దాని గురించి అప్పట్లో చెప్పాల్సినవాళ్లకి తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు తెలుసుకుంటే మంచిదని ఇప్పుడు చెబుతున్నాను.

ఇంజినీర్ సాబ్ ఎక్కడ?

నా పేరు పైడితల్లి. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి భిలాయ్ ఉక్కు ప్లాంటులో ఫిట్టరుగా చేరాడు. రోలింగ్ మిల్లులోనే రిటైరయ్యాడు. నేను ప్లాంటు వాళ్ల సెక్టార్ క్వార్టర్లలో పెరిగి, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. అమ్మ నా డిప్లొమా రెండో ఏట పోయింది. ఆ తర్వాత ఇంట్లో నేనూ నాన్నా మిగిలాం. తొంభైల మొదట్లో సాహూ గారనే ఆయన సుపేలాలో ఒక మందుల షాపు మేడ మీద కంప్యూటర్లు బాగుచేసే దుకాణం తెరిస్తే అందులో చేరాను.

నేను సంచీ పట్టుకుని ఎక్కడికి వెళ్లినా తలుపు తీసినవాళ్లు నా భుజం మీదుగా వీధిలోకి చూసేవాళ్లు. "ఇంజినీర్ సాబ్ కహా హై?" అని అడిగేవాళ్లు. ఇంజినీర్ సాబ్ ఇవాళ చున్నీ వేసుకుని వచ్చాడని చెప్పి లోపలికి నడిచేదాన్ని. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత వాళ్ల మొహాలు చూసి సరదా పుట్టేది.

పని మటుకు అందరూ అనుకున్నంత గొప్పది కాదు. దుమ్ము దులపడం, వైర్లు సరిచేయడం, లేవని కంప్యూటర్‌ని లేపడం. ఈ మూడోదాంట్లోనే అసలు విద్య ఉండేది.

సంచీలోని ప్రాణం

అప్పుడు పెన్‌డ్రైవ్ లేదు. అరచేతిలో పట్టే నల్లటి చదరపు ఫ్లాపీ ఉండేది. కొన్ని ఫైళ్లకే అది నిండిపోయేది. కంప్యూటర్ లోపలున్న హార్డ్ డిస్క్ మొరాయిస్తే, ఈ ఫ్లాపీ పెట్టి స్విచ్ వేసేవాళ్లం. కంప్యూటర్ మొదట ఫ్లాపీనే వెతుక్కునేది. అది ఉంటే దాని మాట వినేది, లేకపోతేనే లోపలి డిస్క్ వైపు వెళ్లేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీని మీదే ఉంది.

బూట్ ఫ్లాపీ చేయడం నేర్చుకోవడానికి ఒక పూట చాలు. దాన్ని నమ్మదగ్గదిగా చేయడానికి నాకు రెండేళ్లు పట్టింది. చేసిన మెషీన్ మీదే పరీక్షించి సంచీలో వేసుకునేదాన్ని, తీరా కస్టమర్ ఇంట్లో అది లేచేది కాదు. ఇంకో మెషీన్ మీద కూడా లేపి చూడాలని ఒక డాక్టరు గారి ముందు తలదించుకుని నిలబడ్డాక తెలిసింది. మే నెల ఎండలో మోపెడ్ సీటు కింద పెడితే ఫ్లాపీ వంకరపోతుందని ఇంకోసారి తెలిసింది. ఒకటి చేసి ఊరుకోకూడదు, మూడు చేయాలి. పేరు రాసి అంటించాలి. ఇవన్నీ మీకు పెన్‌డ్రైవ్‌కీ పనికొస్తాయి, వంకరపోవడం తప్ప.

సాహూ గారి మంచీ చెడ్డా

సాహూ గారు దుర్గ్ వైపు మనిషి. నోరు పెద్దది, మనసు అంత చెడ్డది కాదు. ఆయన నేర్పిన ఒక్క మాటకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. కస్టమర్ ఇంటికెళ్లాక ముందు స్క్రూడ్రైవర్ తీయకూడదు, ఏం జరిగిందో వాళ్లని చివరిదాకా చెప్పనివ్వాలి. సగం జబ్బు ఆ మాటల్లోనే తెలిసిపోతుందనేవారు. నిజం.

ఆయన నేర్పిన ఇంకో మాట మటుకు మంచిది కాదు. మా చేతిలో ఏదైనా పాడైతే "వైరస్ వచ్చింది" అని చెప్పాలి. ఆ రోజుల్లో పేపర్లలో వైరస్ గురించి భయంభయంగా రాస్తుండేవాళ్లు. జనానికి అదేమిటో తెలీదు, భయం మాత్రం ఉండేది. వైరస్ అనగానే కస్టమర్ నోరు పడిపోయేది. ఊళ్లో ఉన్న దుకాణాలన్నిట్లోనూ ఇదే చెప్పేవాళ్లు. నేనూ చెప్పాను. ఒకటి రెండుసార్లు కాదు. చెప్పేటప్పుడు మొహం కూడా బాధగా పెట్టేదాన్ని.

జాముల్‌లో నా తెలివి

ఒకసారి జాముల్‌లో ఒక సిమెంట్ ఫ్యాక్టరీ ఆఫీసుకి ఇరవై కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ఇరవైలోనూ హార్డ్ డిస్క్ ఖాళీగా ఉంది. ఒక్కొక్కదాన్నీ లేపి, డిస్క్ ఫార్మాట్ చేసి, పునాదిగా డాస్ ఎక్కించి, ఆపైన విండోస్ ఎక్కించాలి. ఫార్మాట్ అంటే డిస్క్‌ని పలక తుడిచినట్టు తుడిచి కొత్తగా గీతలు గీయడం. అది మొదలుపెట్టే ముందు ప్రతిసారీ కంప్యూటర్ ఆగి, అన్నీ పోతాయి, ఖాయమేనా అని అడిగేది. ఖాయమని నొక్కేదాకా కదిలేది కాదు. ఇరవై మెషీన్ల చుట్టూ తిరుగుతూ, సిమెంట్ దుమ్ములో దగ్గుతూ, ఖాయం ఖాయం అని నొక్కుతూ ఉంటే నాకు విసుగు పుట్టింది.

ఫ్లాపీలో ఒక చిన్న ఫైలు ఉంటుంది. కంప్యూటర్ లేవగానే అందులో రాసినవన్నీ వరసగా చేసుకుపోతుంది. ఫార్మాట్ చేయమని అందులో రాశాను. ప్రశ్న వస్తే జవాబు కూడా అదే చెప్పుకునేటట్టు రాశాను. ఇక మనిషి అక్కర్లేదు. ఫ్లాపీ పెట్టి, స్విచ్ వేసి, పక్క మెషీన్ దగ్గరికి వెళ్లిపోవచ్చు. నాలుగు రోజుల పని రెండు రోజుల్లో అయిపోయింది. సాహూ గారు అందరి ముందూ నా వీపు తట్టారు. నాకు ఎంత గర్వంగా అనిపించిందంటే, ఆ ఫ్లాపీ మీద ఎర్ర పెన్నుతో "జాముల్" అని రాసి, పని అయిపోయాక కూడా సంచీలోనే ఉంచుకున్నాను.

అది పని అయిన రోజే చెరిపేయాల్సిన ఫ్లాపీ.

రూతమ్మ గారి నోటు పుస్తకాలు

వైశాలి నగర్‌లో రూతమ్మ గారని ఒక రిటైరైన నర్సు ఉండేవారు. కృష్ణా జిల్లా నుంచి పెళ్లికాకముందే ఉద్యోగానికి వచ్చి, టౌన్‌షిప్ ఆసుపత్రి పురుళ్ల వార్డులోనే సర్వీసంతా గడిపారు. భర్త పోయారు, పిల్లలు లేరు. మా సెక్టార్లలో సగం మంది పిల్లలు ఆవిడ చేతుల్లోనే పుట్టారు. అందులో నేనూ ఉన్నాను.

మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల ఇళ్లలో పెళ్లి మాటలు మొదలైతే జాతకం కావాలి. జాతకానికి పుట్టిన సమయం కావాలి. సర్టిఫికెట్‌లో తేదీ ఉంటుంది, సమయం ఉండదు. తల్లిని అడిగితే "పాలవాడొచ్చిన యేళ" అంటుంది. అప్పుడందరూ రూతమ్మ గారింటికి పరిగెత్తేవాళ్లు. ఎందుకంటే ఆవిడ ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ తను చూసిన ప్రతి పురుడూ సొంత నోటు పుస్తకంలో రాసుకున్నారు. తల్లి పేరు, ఆడో మగో, ఏ తేదీ, గంటా నిమిషం. పక్కన ఒక్క ముక్క: ఆలస్యంగా ఏడ్చింది, జుట్టెక్కువ, నాన్న బయట నిద్రపోయాడు, ఇలాంటివి.

ఆవిడ ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషి. ఒకసారి అడిగాను, మీకు జాతకాలంటే నమ్మకం లేదు కదా, ఇదంతా ఎందుకని.

"నమ్మకం లేదు తల్లీ. కానీ ఒక మనిషి లోకంలోకి వచ్చిన నిమిషాన్ని ఎవరో ఒకరు చూసి రాసుకోవాలిగా. తల్లికి చూసే ఓపిక ఉండదు, తండ్రిని లోపలికి రానివ్వం. ఇంక నేనేగా ఉన్నది" అన్నారు.

ఆ పుస్తకాలకి చెదలు పట్టాయి. మూసేసిన ఒక కోచింగ్ సెంటర్ నుంచి ఆవిడ పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కున్నారు, ఈ పుస్తకాలు అందులో ఎక్కించడానికే. నేనే వెళ్లి బిగించాను, టైపు చేయడం నేర్పాను. ఏడాదిన్నర పాటు ఒక్కో వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేశారు. ఒక పుస్తకం పూర్తికాగానే పెరట్లో కాల్చేసేవారు. చెదలు బీరువాలోని బైబిలు దాకా పాకుతాయని ఆవిడ భయం.

"దీన్ని ఇంకోచోట కూడా దాచుకోవాలంటావా పైడీ?" అని ఒకసారి అడిగారు.

"అక్కర్లేదాంటీ, ఇది కాగితం కాదు కదా చెదలు పట్టడానికి" అన్నాను. పెద్ద తెలివైనదానిలా.

నూరు శాతం

చివరి పుస్తకం అయిపోయాక అంతా అచ్చు వేసుకుందామని ఆవిడ ఒక ప్రింటర్ తెప్పించారు. బిగించడానికి నేను వెళ్లాను. ప్రింటర్ తాలూకు ఫైలు ఒకటి ఆ కంప్యూటర్లోకి కాపీ చేయాలి. పొద్దున షాపులో దాన్ని ఏ ఫ్లాపీలో వేసుకెళ్దామా అని చూస్తే, చోటున్నది జాముల్ ఫ్లాపీలోనే. అందులో వేసుకున్నాను. అప్పటికే నడుస్తున్న మెషీన్లో పెట్టి ఫైలు తీసుకుంటే ఏ ప్రమాదమూ లేదు. ఆ ఫ్లాపీ పెట్టి ఉండగా స్విచ్ వేస్తేనే ప్రమాదం.

ఫైలు తీసుకున్నాను, ప్రింటర్ బిగించాను. కాగితాలు మరుసటి రోజు వస్తాయన్నారు. ఇంతలో వంటింట్లోంచి ఆవిడ కేకేశారు. "పెసరట్లు వేశాను, చల్లారిపోతున్నాయి, రా తల్లీ!" కంప్యూటర్ ఆపేసి లేచాను. మూడు పెసరట్లు తిన్నాను. అల్లం పచ్చడి బాగుందని రెండోసారి వేయించుకున్నాను. సంచీ భుజాన వేసుకుని వచ్చేశాను.

ఫ్లాపీ లోపలే ఉండిపోయింది.

మర్నాడు పది గంటలకి షాపుకి ఫోన్ వచ్చింది.

"పైడీ, నూరు శాతం పూర్తయిందంటోంది తల్లీ. ఇప్పుడేం నొక్కాలి?"

"ఏం పూర్తయిందాంటీ?"

"ఏమో మరి. పొద్దున స్విచ్ వేయగానే అంకెలు పెరుగుతూ వచ్చాయి. పది శాతం, ఇరవై శాతం. ప్రింటర్ కోసం నువ్వే ఏదో పెట్టావనుకున్నాను. ముట్టుకోకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను."

మోపెడ్ మీద ఎలా వెళ్లానో తెలీదు. వెళ్లి మీట నొక్కితే ఫ్లాపీ బయటికొచ్చింది. దాని మీద ఎర్ర పెన్నుతో నా చేతిరాత.

అప్పుడు ఇంకో తప్పు చేశాను. మొదటిదానికన్నా ఇదే పెద్దది. కంగారులో, అన్నీ మళ్లీ ఎక్కిస్తే పోయినవి కనబడతాయేమోనన్న పిచ్చి ఆశతో, ఆ డిస్క్ మీదే డాస్ నుంచి మొదలుపెట్టి అంతా ఎక్కించాను. చెరిగిపోయిన అక్షరాలు డిస్క్ అడుగున ఇంకా కొంతకాలం ఉంటాయనీ, పైన కొత్తవి రాస్తేనే నిజంగా పోతాయనీ నాకప్పుడు తెలీదు. పిల్లలూ, ఏదైనా పోయినప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి. ఆ నిమిషంలో మనకి చేయాలనిపించే ప్రతి పనీ తప్పే.

వైరస్ అని చెప్పలేకపోయాను

ఏదో సామాను తేవాలని ఆవిడకి చెప్పి షాపుకి వెళ్లాను. సాహూ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు.

"బోల్ దో, వైరస్ థా" అన్నారు చివరికి. వైరస్ అని చెప్పెయ్, అయిపోతుంది. "నిజం చెప్తే ఆవిడ పుస్తకాలు తిరిగొస్తాయా? షాపు పేరు పోవడం తప్ప?"

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే అనిపించింది. దారి పొడుగునా ఆ మాటే మననం చేసుకుంటూ వెళ్లాను. వైరస్ ఆంటీ, ఏం చేయలేం ఆంటీ, అని.

ఆవిడ కంప్యూటర్ ముందే కూర్చుని ఉన్నారు. తెర ఖాళీగా ఉంది. అప్పటికే ఆవిడకి అర్థమైపోయింది.

"పోయాయా?" అన్నారు.

తలూపాను.

"వైరస్సేమో కదూ. పేపర్లో రాస్తున్నారుగా."

నేను నోరు విప్పక్కర్లేకుండానే ఆ మాట ఆవిడే అందించారు. ఊఁ అంటే చాలు. నిజం చెబుతున్నాను, ఊఁ అనడానికి నోరు తెరిచాను. ఇంతలో ఆవిడ తన చేతుల వంక చూసుకున్నారు.

"వైరస్ కాదులే. నేనే ఏదో నొక్కి ఉంటాను. ఈ మధ్య వేళ్లు వణుకుతున్నాయి, ఒకటి నొక్కబోయి ఒకటి నొక్కుతున్నాను. నలభై ఏళ్లు జాగ్రత్తగా కాపాడి చివరికి నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను చూడు. నాకెందుకమ్మా ఈ వయసులో ఇవన్నీ. తీసుకుపో దీన్ని."

నా వల్ల కాలేదు. సంచీలోంచి ఫ్లాపీ తీసి ఆవిడ ముందు పెట్టాను. జాముల్ సంగతి, ప్రశ్న తీసేసిన సంగతి, పెసరట్లు తింటూ మర్చిపోయిన సంగతి, పొద్దున కంగారులో చేసిన రెండో తప్పు, అన్నీ చెప్పాను.

ఆవిడ ఫ్లాపీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అయితే నేను కాదా?"

"కాదాంటీ. నేనే."

"నా చెయ్యి వణకడం వల్ల కాదుగా?"

"మీరు దేన్నీ ముట్టుకోలేదాంటీ. స్విచ్ వేశారు, అంతే."

ఆవిడ ఊపిరి వదిలారు. అప్పుడు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. చాలాసేపటికి చెంగుతో కళ్లు తుడుచుకుని అన్నారు. "మా వార్డులో కొత్త పిల్లలకి నేనొకటే చెప్పేదాన్ని. తప్పు జరిగితే ముందు చెప్పండి, తర్వాత ఏడవండి. చాలామంది ముందే ఏడ్చి చెప్పడం మానేస్తారు. నువ్వు వరస తప్పలేదులే."

ఆ ఓదార్పుకి నేను తగనని నాకు తెలుసు. అయినా ఇన్నేళ్లుగా అదే పట్టుకుని బతుకుతున్నాను.

నిజం చెప్పేశానని తెలిసి సాహూ గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక పొద్దున నా టేబుల్ మీద కొత్త ఫ్లాపీల డబ్బా ఒకటి పెట్టి, "సిస్టర్ కే లియే" అని మొహం పక్కకి తిప్పుకుని వెళ్లిపోయారు. రూతమ్మ గారి కోసమట.

తిరిగొచ్చిన నిమిషాలు

ఆ డిస్క్ అడుగున ఏమైనా మిగిలిందేమోనని చాలా రోజులు తవ్వాను. కొన్ని ముక్కలు దొరికాయి. పేరు లేని సమయాలు, సమయం లేని పేర్లు. "జుట్టెక్కువ" అని ఒకచోట దొరికింది, ఎవరి జుట్టో తెలీదు.

అసలు సాయం ఇంకోవైపు నుంచి వచ్చింది. రూతమ్మ గారి పుస్తకాలు పోయాయన్న కబురు సెక్టార్లలో పాకింది. ఒక ఆదివారం నేను అక్కడ ఉండగా, మా నాన్నతో పనిచేసిన అప్పారావు గారి భార్య సూరీడమ్మ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచీ, సంచీలో పసుపు రాసిన కాగితం.

"సిస్టరమ్మా, మా పెద్దదాని జాతకం ఇది. టైము మీరు సెప్పిందే కదేటి. ఇదిగో, తెల్లారగట్ల నాలుగూ పది. మీ దగ్గర పోతే ఏటయ్యింది, మా దగ్గరున్నాది. రాసుకోండి."

అక్కడ మొదలైంది. రూతమ్మ గారు ఏ ఏడు ఎవరికి ఏ నిమిషం చెప్పారో ఆ నిమిషాలన్నీ జాతకాల్లో ఉన్నాయి. జనం తెచ్చారు. కొందరు దేవుడి గూట్లోంచి, కొందరు ట్రంకు పెట్టె అడుగు నుంచి. ఒకాయన పాత క్యాలెండర్ వెనక రాసుకున్నది అలాగే గోడ మీంచి తీసుకొచ్చాడు. జాతకాలు నమ్మే వాళ్లంతా, నమ్మని మనిషి వరండాలో కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. ఆవిడ చదివి చెప్పేవారు, నేను టైపు చేసేదాన్ని. ఆదివారాలన్నీ ఇలాగే గడిచాయి. నా తప్పు తగ్గలేదు కానీ, ఆ వరండాలో కూర్చున్నప్పుడు బాధతో పాటు ఏదో సంతోషం కూడా ఉండేది. ఎలా చెప్పాలో తెలీదు.

ఎవరూ తీసుకురానివి

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఆవిడ ఒక్కరే కూర్చుని టైపు చేసుకుంటున్నారు. పక్కన కాగితం లేదు. కళ్లు మూసుకోవడం, తెరవడం, ఒక్కో వేలితో నొక్కడం. వెనక నిలబడి చదివాను. తల్లి పేరు, మగబిడ్డ, వానాకాలం, తెల్లవారుజామున, ఏడవలేదు. తల్లి పేరు, ఆడబిడ్డ, రెండు గంటలు ఉంది. తల్లి పేరు, కవలలు, ఇద్దరూ.

"వీళ్లకి జాతకాలు ఉండవుగా పైడీ" అన్నారు వెనక్కి తిరక్కుండానే. "వీళ్ల టైము తీసుకుని ఎవరూ నా గడప ఎక్కరు. గుర్తున్నంతవరకూ వీళ్లని రాసేయాలి. మిగతావాళ్లకి తొందరేముంది, వాళ్లు బతికే ఉన్నారు."

పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ చేతులు ఆగాయి. నా వైపు తిరిగారు.

"మీ అమ్మ నీకెప్పుడైనా చెప్పిందా?"

"ఏమిటాంటీ?"

"నీకన్నా ముందు ఒక మగబిడ్డ. మధ్యాహ్నమని గుర్తుంది, ఎండ బాగా ఉంది. నిమిషం మటుకు గుర్తు రావడం లేదు తల్లీ. రాయనా?"

అమ్మ చెప్పలేదు. నాన్న చెప్పలేదు. నేనే మొదటి సంతానమని పుట్టిన దగ్గర నుంచీ అనుకుంటున్నాను. రాయండి అన్నాను.

ఇంటికి వెళ్లేసరికి నాన్న అన్నం తింటున్నాడు. అడగకూడదనుకుంటూనే అడిగేశాను. నాన్న ముద్ద కంచంలో వదిలేశాడు. లేచి చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"రెండూ ఇరవై" అన్నాడు. "ఫస్టు షిఫ్టు దిగి అట్నించటే ఆస్పటలుకి ఎల్లినాను. టిఫిన్ డబ్బా సేతిలోనే ఉన్నాది. సిస్టరమ్మ బయటికొచ్చి నా బుజం మీద సెయ్యేసింది. నాను గోడ మీద గడియారం కేసే సూసినాను. ఇంకెటు సూడాలో తెలీనేదు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేంటి నాన్నా?"

"ఏటని సెప్పమంటావు? పేరు కూడా ఎట్టనేదు కదే."

మరుసటి ఆదివారం నేను బయల్దేరుతుంటే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మోపెడ్ వెనక కూర్చుని వచ్చాడు. వరండాలో అప్పటికే నలుగురైదుగురు జాతకాలు పట్టుకుని కూర్చున్నారు. నాన్న చేతిలో ఏ కాగితమూ లేదు. వరసలో తన వంతు వచ్చేదాకా ఆగాడు.

"సిస్టరమ్మా, మాదొకటున్నాది" అన్నాడు. "రెండూ ఇరవై. రాసుకోండి."

రూతమ్మ గారు ఆ వరస వెతికి, ఖాళీగా వదిలిన చోట నిమిషం నింపారు. నాన్నకి ఇంగ్లీషు అక్షరాలు రావు. తెర దగ్గరికి వంగి అడిగాడు.

"అదేటి రాసినారో సదవ్వే పైడీ."

"కె. నరసమ్మ. మగబిడ్డ. మధ్యాహ్నం రెండూ ఇరవై" అని అమ్మ పేరు దగ్గర నుంచి చదివాను.

నాన్న తెర మీద ఆ వరస కింద వేలు పెట్టాడు.

"ఇంకోపాలి సదువు" అన్నాడు.